అడగని కోచ్

కాగితం మీద మూడో వరుసలో గేలెన్ పేరు ఉంది. ఆర్డిస్ కళ్లజోడు సవరించుకుని ఆ వరుస మళ్లీ చదివింది. 'బుధవారం ఉదయం పది గంటలు. విమానాశ్రయం నుంచి అభ్యర్థిని తీసుకురావడం: గేలెన్ ష్రాక్, కాలేజీ వ్యాను.' దాని కింద కమిటీ ముందు ప్రసంగం, మధ్యాహ్న భోజనం, ఆటగాళ్లతో సమావేశం, కాలేజీ అధ్యక్షుడి ఇంట్లో విందు అని వరసగా రాసి ఉన్నాయి. రెండు రోజుల కార్యక్రమం. అందులో గేలెన్ పేరు ఆ ఒక్కచోటే ఉంది.

హనీ క్రీక్ కాలేజీ వ్యాయామశాల మేడమీద గదిలో నలుగురు కూర్చున్నారు. బాస్కెట్‌బాల్ జట్టుకు కొత్త హెడ్ కోచ్‌ని ఎంచవలసినవాళ్లు వాళ్లే. క్రీడా విభాగానికి పెద్ద డారెల్ బిర్కీ కాగితాలు పంచాడు. కెమిస్ట్రీ చెప్పే ఇవోన్ లాప్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి విప్పుతోంది. విత్తనాల వ్యాపారం కొడుకులకు అప్పజెప్పి, కింద కోర్టుకు కొత్త చెక్కనేల వేయించిన ఓర్విల్ జెహర్ టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడు. నాలుగో మనిషి ఆర్డిస్. ఇరవై ఏడేళ్లుగా కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని స్కోరు పుస్తకం రాస్తున్నది ఆమే.

ఆరేళ్లలో ముగ్గురు కోచ్‌లు వచ్చి వెళ్లారు. మూడో ఆయన డిసెంబరులో, సీజను నడుమ, బల్ల మీద ఉత్తరం పెట్టి పోయాడు. అప్పటినుంచి జట్టును నడిపినవాడు అతని సహాయకుడు గేలెన్.

"డారెల్, మనం గేలెన్‌తో మాట్లాడేది ఎప్పుడు? ఇందులో లేదే" అంది ఆర్డిస్.

డారెల్ చిన్నప్పుడు ఆదివారం బడిలో ఆమె దగ్గరే పాఠాలు నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆమెకు జవాబు చెప్పేటప్పుడు వెన్ను నిటారుగా పెడతాడు. "గేలెన్ దరఖాస్తు పెట్టలేదండీ."

"పెట్టలేదా?"

"మొన్న శుక్రవారంతో గడువు అయిపోయింది. అరవై రెండు వచ్చాయి, వాటిలోంచే రేపటాయన్ని రమ్మన్నాం. గేలెన్‌ది లేదు."

"కావాలనుకుంటే పెట్టేవాడుగా" అన్నాడు ఓర్విల్. "బావమరిది దగ్గర ట్రైలర్ల ఫ్యాక్టరీలో పని ఉందట. అటు చూస్తున్నాడేమో."

"మీతో చెప్పాడా?"

"చెప్పలేదమ్మా. చెప్పకపోవడమే చెప్పడం. మనవాళ్ల సంగతి నీకు తెలీనిదా?"

ఇవోన్ నవ్వింది. ఆర్డిస్ కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఓర్విల్ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఈ ఊళ్లో రెండోసారి వడ్డించమని ఎవరూ అడగరు, గిన్నె తమవైపు వచ్చేదాకా చూస్తారు. కాగితం రాసినవాళ్లకు కూడా చెడ్డ ఉద్దేశం ఉండి ఉండదు. వ్యాను తాళాలు గేలెన్ దగ్గర ఉంటాయి, అందుకని అతని పేరు రాశారు. అంతే. కానీ తన చోటుకి రాబోయేవాణ్ని తనే బండిలో ఎక్కించుకుని తీసుకురావాలని ఒక మనిషికి చెప్పి, అందులో ఏమీ తోచకుండా నలుగురు ఇక్కడ కూర్చుని ఉన్నారు. ఆ నలుగురిలో తనూ ఒకతె.

ఆమె కాగితం సంచిలో పెట్టుకుంది. ఇంకేమీ అనలేదు.

కింద కోర్టులో గేలెన్ నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. గడ్డం చెక్కనేలకు ఆనించి, ఆరడుగుల ఎనిమిదంగుళాల కోల్బీ పాదాలు చూస్తున్నాడు. కోల్బీ రింగు వైపు రెండు అడుగులు వేసి ఆగాడు.

"ఎడమ మడమ లేస్తోంది" అన్నాడు గేలెన్. "నీకు తెలుస్తోందా?"

"లేదు కోచ్."

"సరే. నేలనే చెప్పమందాం."

టేపు ముక్క పళ్లతో తెంచి, జిగురు పైకి కూడా ఉండేలా మడిచి, మడమ ఆనవలసినచోట అంటించాడు. కోల్బీ మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. పదోసారి టేపు మడమకి అంటుకుని లేచొచ్చింది. అవతల రింగు కింద ఉన్న కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. గేలెన్ లేచి బట్టలు దులుపుకున్నాడు తప్ప బాగుందనలేదు. బంతి కోల్బీ చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడి ముఖం చూస్తే, మెచ్చుకోలు బంతితోపాటే చేతికి వచ్చినట్టుంది.

కుర్రాళ్లు స్నానాలకు వెళ్లాక గేలెన్ మోకాళ్ల మీద కూర్చుని, వార్నిష్ చెదరకుండా గోటితో టేపు ముక్కలు ఒలవసాగాడు. ఆర్డిస్ మొదటి మెట్టు మీద కూర్చుంది.

"రేపు వ్యాను తీసుకెళ్తున్నావట."

"టైర్లలో గాలి తక్కువుంటే కొట్టించానండీ. నూనె కూడా చూశాను."

"దరఖాస్తు ఎందుకు పెట్టలేదు గేలెన్?"

అతను టేపు ముక్కను వేళ్లమధ్య ఉండలా చుట్టాడు. "నాలుగు నెలలుగా వాళ్ల కళ్లముందే ఉన్నాను. నేను ఫలానా మంచివాణ్ని అని కాగితం మీద రాసి ఇవ్వాలా? గరిటె కోసం చెయ్యి చాపినవాడికి చివర వడ్డించాలనేవాడు మా నాన్న."

"కొత్తాయన వస్తే నీ పని?"

"ఆయన మనుషుల్ని ఆయన తెచ్చుకుంటాడు. అది మామూలే. జూన్ నుంచి ఫ్యాక్టరీకి. ట్రైలర్లకి తలుపులు బిగించే పని. లూసిండాకి చెప్పాను."

"మీ ఆవిడ ఏమంది?"

"ఏమీ అనలేదు. రెండు రోజుల నుంచి ఏమీ అనడం లేదు."

ఆర్డిస్‌కి అతని మీద గౌరవమే కలిగింది. ఆమె పెరిగిన ఇల్లు కూడా అలాంటిదే. చివరి వరసలో కూర్చోవాలి. పైకి రమ్మనడం పిలిచేవాడి పని. మొదటి పదహారు ఆటల్లో జట్టు ఒక్కటి గెలిచింది. ఇతని చేతికి వచ్చాక ఆఖరి తొమ్మిదింట్లో అయిదు గెలిచింది. ప్రతి అంకె ఆమె చేత్తో రాసిందే. తప్పు అడగని గేలెన్‌ది కాదు, పిలవవలసినవాళ్లది అనుకుంటూ ఆమె ఇంటికి వెళ్లింది.

బుధవారం వచ్చిన బ్రెంట్ కాల్వర్డ్ మంచివాడు. అది ఆర్డిస్‌కి కొంచెం ఇబ్బంది కలిగించింది. గొప్పలకు పోయేవాడో, పళ్లన్నీ చూపించి నవ్వేవాడో అయితే పని సులువయ్యేది. అతను వ్యానులోంచి తన పెట్టె తనే దించుకున్నాడు. ఆమె పేరు ఒక్కసారి విని గుర్తుపెట్టుకున్నాడు. గోడకు తెర దించి మూడేళ్లలో ఏం చేస్తాడో చెప్పాడు. ఏ ఊళ్లో ఏ హైస్కూలు జట్టు ఎలా ఆడుతుందో, అక్కడి కోచ్ ఎవరో, ఏ కుర్రాడు ఏ కాలేజీకి చూస్తున్నాడో నోటికి చెప్పాడు. డారెల్ రాసుకుంటూ పేజీలు తిప్పేశాడు. ఓర్విల్ రెండుసార్లు "అదీ మాటంటే" అన్నాడు.

భోజనాల గదిలో మెత్తగా మెదిపిన బంగాళాదుంప మీద నూడిల్స్, చికెన్ వడ్డించారు. కాల్వర్డ్‌ని మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టారు. గేలెన్ తన పళ్లెం తీసుకుని ఆటగాళ్ల బల్లకు వెళ్లాడు. రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని కూడా ఎవరూ అనలేదు.

"మిసెస్ నాఫ్‌జిగర్, ఒకటి అడగొచ్చా?" అన్నాడు కాల్వర్డ్, భోజనం చివర ఇచ్చిన తీపి క్రీమ్ 'పై' ముక్క ముందుకు లాక్కుంటూ. "నన్ను తీసుకొచ్చినాయన. ఆయన ఎవరో వ్యానెక్కిన అరగంటకి గానీ నాకు తెలీలేదు. డ్రైవరనుకున్నాను."

"ఆయన చెప్పలేదా?" అంది ఆర్డిస్.

"నేనే లాగాను. లాగాక మూడుసార్లు అడిగాను, ఈ ఉద్యోగం నీకు కావాలా అని. మొదటిసారి కుర్రాళ్ల పరీక్షల గురించి చెప్పాడు. రెండోసారి ఈ ఏడు పొలాల్లో బురద ఎంతుందో చెప్పాడు. మూడోసారి, దారిలో కాఫీకి ఆపమంటారా అన్నాడు."

ఆర్డిస్ నవ్వాపుకోలేకపోయింది. అతను మాత్రం నవ్వలేదు.

"కావాలని అతను చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్నో నాకే తెలీదు. నాకూ ఇద్దరు పిల్లలున్నారు, నాకూ పని కావాలి. కానీ ఎదుటివాడి మనసు తెలియకుండా ఆడటం నాకు ఇష్టం ఉండదు."

తర్వాత ఆటగాళ్లతో సమావేశం. పదమూడుమంది మెట్ల వరసల మీద కూర్చున్నారు. కాల్వర్డ్ నిలబడి మాట్లాడాడు. గేలెన్ తలుపు పక్కన నిలబడ్డాడు, మంచినీళ్ల సీసాల పెట్టె చేత్తో పట్టుకుని. "గత సీజనులో మీకు అన్నిటికంటే కష్టమైంది ఏది?" అని కాల్వర్డ్ అడిగాడు. పదమూడు తలలూ ఒక్కసారి తలుపు వైపు తిరిగి, మళ్లీ ముందుకు తిరిగాయి. తర్వాతే టెరెల్ నోరు తెరిచాడు. గ్యారీ పట్నం నుంచి వచ్చిన మూడో ఏడాది కుర్రాడు, జట్టులో బంతి నడిపేది అతనే.

ఆ చూపులు ఆర్డిస్ చూసింది. కాల్వర్డ్ కూడా చూశాడని అతను నిలబడ్డ తీరు మారడంలో ఆమెకు తెలిసింది. సీసాల పెట్టె కేసి చూస్తున్న గేలెన్ ఒక్కడే చూడలేదు.

సాయంత్రం ఇంట్లో సూప్ తాగుతూ ఆమె అంతా భర్తకి చెప్పింది. విల్లిస్ రొట్టె తుంచి సూప్‌లో ముంచాడు.

"మీ నాన్నని దరఖాస్తు పెట్టమని ఎవరడిగారు?" అన్నాడు.

ఆమె చెంచా ఆగింది. ఆమె తండ్రి చర్చిలో పాస్టరు. ఆ రోజుల్లో సంఘానికి పాస్టరు కావాలంటే ఎవరూ తమంతట తాము నిలబడేవాళ్లు కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక పక్కగదిలో ఇద్దరు పెద్దలు కూర్చునేవాళ్లు. సంఘంలో ఒక్కొక్కరే లోపలికి వెళ్లి ఒక పేరు చెప్పి బయటికి రావాలి. ఎందుకో చెప్పకూడదు. వాళ్లు అడగకూడదు. దాన్ని సంఘం మాట తీసుకోవడం అనేవాళ్లు.

"అది వాక్యం చెప్పేవాళ్లకి" అంది ఆర్డిస్. "బంతి ఆడించేవాళ్లకి కాదు."

"దేవుడు రెండుచోట్లా మనుషుల నోళ్లతోనే మాట్లాడాలిగా" అన్నాడు విల్లిస్. "ఇంకొంచెం సూప్ ఉందా?"

ఆమె అతని ముఖంలోకి చూసి, లేచి గిన్నె తెచ్చింది. పెళ్లయిన ముప్పై తొమ్మిదేళ్లలో అతను రెండోసారి వడ్డించమని నోరు తెరిచి అడగడం అంతకుముందు వినలేదనిపించింది.

గురువారం ఉదయం డారెల్ కాగితాలు సర్దుకుంటూ, "అయితే బ్రెంట్ అందరికీ సమ్మతమేనా?" అన్నాడు.

"నాకొకటి చెప్పాలనుంది" అంది ఆర్డిస్. "కుర్రాళ్ల మాట తీసుకుందాం."

డారెల్‌కి అర్థం కాలేదు. ఓర్విల్‌కి అయింది. టోపీ మోకాలి మీంచి తీసి బల్లమీద పెట్టాడు. "ఏమ్మా, పదమూడుమంది కలిసి ఏ పిజ్జా తెప్పించుకోవాలో తేల్చుకోలేరు వీళ్లు."

"కలిసి తేల్చమనడం లేదు. ఒక్కొక్కరే రావాలి. ఒక్క పేరు చెప్పాలి. పోవాలి."

"ఎవరి పేరైనానా?" అన్నాడు డారెల్. "దరఖాస్తు పెట్టనివాళ్లది కూడా?"

"ఎవరిదైనా."

"మనం దానికి కట్టుబడి ఉండక్కర్లేదు" అంది ఇవోన్ నెమ్మదిగా. "కానీ నేను పరీక్ష చెయ్యకుండా సీసా మీద పేరు రాయను. అడుగుదాం."

జెర్సీలు ఉతికే గదిలో ఆర్డిస్, ఇవోన్ రెండు ఇనుపకుర్చీలు వేసుకున్నారు. పెద్ద యంత్రం ఒకటి తువ్వాళ్లు తిప్పుతోంది. ఆ చప్పుడు మంచిదే అనుకుంది ఆర్డిస్. బయట వరసలో ఉన్నవాళ్లకు లోపలి మాట వినబడదు.

మొదటివాడు వచ్చి "కోచ్ గేలెన్" అని, అలవాటుకొద్దీ టోపీ తీసి మళ్లీ పెట్టుకుని పోయాడు. రెండోవాడు "కొత్తాయన" అన్నాడు, నేల చూస్తూ. "తప్పా?" అని అడిగాడు. "తప్పేం లేదు" అంది ఆర్డిస్. కోల్బీ తలుపు చట్రానికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చి, "గేలెన్. అంటే, కోచ్ ష్రాక్. ఆయన్ని పూర్తి పేరుతో చెప్పాలా?" అన్నాడు. ఒక కుర్రాడు ఎంతసేపటికీ పేరు చెప్పలేదు. చివరికి, "వచ్చే ఏడాది కూడా ఇక్కడ ఉండేవాడు ఎవరైనా సరే" అన్నాడు. అది పేరు కాదు. ఇవోన్ కాగితం మీద రాసుకుంది.

టెరెల్ ఆఖర్న వచ్చాడు. "కోచ్ గేలెన్" అన్నాడు. తలుపు దాకా వెళ్లి తిరిగాడు. "మిస్ ఆర్డిస్, ఇంకొకటి చెప్పొచ్చా?"

"పేరొక్కటే బాబూ. అది పద్ధతి."

"సరే, చెప్పను. కానీ ఆయన రోజూ మమ్మల్ని తిడతాడు, ఎదుటి జట్టువాళ్లు అడ్డం లేక ఖాళీగా నిలబడితే బంతి అడగమని. నోరు తెరవనివాడు ఖాళీగా ఉన్నా లేనట్టే అంటాడు. గొంతు పోయేలా అరిపిస్తాడు మాచేత. మరి ఆయన అడిగాడా?"

"అది పేరు కాదు టెరెల్" అంది ఇవోన్.

"కాదు మేడమ్" అని అతను వెళ్లిపోయాడు.

యంత్రం ఆగింది. తొమ్మిది గేలెన్‌కి, మూడు కాల్వర్డ్‌కి, ఒకటి ఎవరికీ కాదు. ఇవోన్ కాగితం చూపించింది. ఆర్డిస్ తల ఊపింది కానీ అంకెల్లో ఆమె మనసు లేదు. ఈ కాగితం పట్టుకుని పైకి వెళ్లి, తర్వాత కిందికి వెళ్లి, నీ పేరు వచ్చింది రా అని గేలెన్‌ని పిలవాలన్నది ఆమె పొద్దున అనుకున్న పని. ఆ పని ఇప్పుడు సగమే సరిగ్గా ఉన్నట్టు తోచింది. అడిగితే ఇస్తానన్న ప్రభువు, చివరి చోట కూర్చోమన్న ప్రభువు ఒక్కడే. ఎప్పుడు ఏ మాట పట్టుకోవాలో ఆయన మనుషులకే వదిలేశాడా?

"నువ్వు పైకి వెళ్లి వాళ్లకి చెప్పు" అంది ఇవోన్‌తో. "నాలుగింటిదాకా తలుపు తీసి ఉంచమను."

గేలెన్ నిచ్చెన మీద ఉన్నాడు. ఉత్తరం వైపు రింగుకి పాత వల ఊడదీసి కొత్తది కడుతున్నాడు. తాడు ఉచ్చులు ఒక్కొక్కటీ రింగు కొక్కేలకు తగిలించి, బొటనవేలితో నొక్కుతున్నాడు. ఆర్డిస్ వెళ్లి నిచ్చెన పట్టుకుంది.

"అక్కర్లేదండీ, గట్టిగానే ఉంది."

"ఉండనీ. కమిటీ నాలుగింటిదాకా కూర్చుంటుంది గేలెన్. తలుపు తీసే ఉంటుంది."

అతని చేతులు ఆగాయి. "కుర్రాళ్ల మాట తీసుకున్నారట. ఏమన్నారు?"

"చెప్పను."

"చెప్పరా?"

"చెబితే వాళ్ల భుజాలమీద ఎక్కి వస్తావు. నీ కాళ్లమీద రా."

అతను ఇంకో ఉచ్చు తగిలించబోయాడు. తప్పింది. "మీరు కూడా ఇలా అంటే ఎలాగండీ? మీ నాన్నగారు ఏనాడన్నా ఎవర్నన్నా అడిగారా?"

"అడగలేదు. పిలిచారు, వెళ్లాడు. అంతకుముందు పదేళ్లు పిలుస్తారని ఎదురుచూశాడు. ప్రతి ఎంపికకీ కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. దాన్ని మా ఇంట్లో వినయం అన్నాం. అది వినయమో, పిలిపించుకోవాలన్న పంతమో నాకిప్పటికీ తెలీదు." ఆమె నిచ్చెన మీద పట్టు మార్చుకుంది. "మంగళవారం ఆ కాగితంలో నీ పేరు చూసినప్పుడు నేనూ నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానంటే నా దగ్గర కూడా మంచిమాటే ఉంది. పెద్దలు చూసుకుంటారులే అని."

"వద్దంటే?"

"వద్దన్నారని తెలుస్తుంది. ఇంటికెళ్లి లూసిండాకి చెప్పడానికి ఒక మాటైనా ఉంటుంది. కుర్రాళ్లని బంతి అడగమని అరుస్తావటగా రోజూ."

"ఎవరు చెప్పారు?"

"వల కట్టు" అంది ఆర్డిస్.

అతను మిగిలిన అయిదు ఉచ్చులూ తగిలించాడు. పని వదిలేసి దిగిపోలేదు, అలాగని తొందరపడలేదు. దిగి, నిచ్చెన మడిచి, గోడకు ఆనించాడు. చేతులు ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఆర్డిస్ ముందు వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. అతను వస్తాడో రాడో ఆమెకు నిజంగా తెలియదు. ఓర్విల్ గడియారం కేసి చూశాడు. నాలుగింటికి పావుగంట తక్కువైంది, పది నిమిషాలు తక్కువైంది.

గేలెన్ గుమ్మంలో నిలబడకుండా బల్ల దాకా వచ్చాడు.

"నాకు ఈ పని కావాలి" అన్నాడు.

గొంతు మరీ పెద్దగా వచ్చింది. అతనికే తెలిసి ఒక క్షణం ఆగాడు.

"గడువు అయిపోయిందని తెలుసు. కాగితం పెట్టకపోవడం నా తప్పు. అడగకుండానే ఇస్తారని కూర్చున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను."

డారెల్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "గేలెన్, నీ పని నాకు తెలుసు. కానీ బ్రెంట్‌కి నలభై స్కూళ్ల కోచ్‌లు పేరుపేరునా తెలుసు. నీకు ఎంతమంది తెలుసు?"

"ఆరుగురు."

"మనం ఎందుకు ఓడుతున్నామంటావు?"

"మనం ఎవర్నీ అడగం" అన్నాడు గేలెన్. ఈసారి గొంతు మామూలుగా ఉంది. "కోర్టులో కాదు, ఇళ్లకి వెళ్లి. బాగా ఆడే కుర్రాడు కనిపిస్తే, మన కాలేజీ మంచిది, వాడే వస్తాడులే అనుకుంటాం. వాడు ఇంకోచోటికి పోతాడు. ఎందుకంటే అక్కడివాళ్లు వాడి వంటింట్లో కూర్చుని అడిగారు. ముగ్గురు కోచ్‌లు మారినా అది మారలేదు. వచ్చినవాళ్లతో ఎలా ఆడించాలో నాకు తెలుసు. రానివాళ్లని రమ్మనడం నాకు రాదు. ఆ విషయంలో బ్రెంట్ నాకంటే మేలు. అబద్ధం చెప్పను."

"మరి నిన్నెందుకు పెట్టుకోవాలయ్యా?" అన్నాడు ఓర్విల్.

"నేర్చుకుంటాను. ఆయనకి ఈ కుర్రాళ్లు తెలియాలంటే ఏడాది పడుతుంది. నాకు ఇళ్ల తలుపులు తట్టడం రావాలన్నా ఏడాదే పడుతుంది. ఆ ఏడాదిలో వీళ్లు ఎక్కడికీ పోకుండా నేను చూసుకోగలను. మొదటి తలుపు ఇవాళ తట్టాను."

"ఎక్కడ తట్టావు? తలుపు తీసే ఉంది. దూసుకొచ్చేశావు" అన్నాడు ఓర్విల్.

ఇవోన్ ముందు నవ్వింది. గేలెన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఈసారి తట్టి వస్తాను" అన్నాడు. డారెల్ అతన్ని బయట కూర్చోమన్నాడు.

తలుపు మూశాక ఆర్డిస్ ఎవరూ అడగకముందే మాట్లాడింది. "నా మాట గేలెన్. కారణాలు కూడా చెబుతాను, ఇది పక్కగది కాదు గనక." స్కోరు పుస్తకం తెరిచి ఆఖరి తొమ్మిది ఆటలు వాళ్ల ముందు పెట్టింది. గెలుపుల గురించి కాదు ఆమె చెప్పింది. ఓడిన నాలుగింట్లో కూడా పదమూడుమందినీ ఆడించాడని, డిసెంబరు ముందు ఏడుగురు బెంచీ దిగేవాళ్లు కారని వేలితో చూపించింది. మంచి కోచ్ ఎవరో తనకు తెలియదని, జట్టు ఎవరిదో మాత్రం ఈ పేజీల్లో తెలుస్తోందని అంది.

"నాదీ అదే" అంది ఇవోన్. "కానీ ఒప్పందం ఒక ఏడాదికి అని రాయడానికి నేను ఒప్పుకోను. మూడేళ్లు. కింద ఒక కుర్రాడు అడిగింది అదొక్కటే."

డారెల్ ఓర్విల్ వైపు చూశాడు. ముసలాయన టోపీ అంచు చుట్టూ వేలు తిప్పుతున్నాడు.

"నాకు నిన్నటాయనే నచ్చాడు" అన్నాడు ఓర్విల్. "ఇప్పటికీ నచ్చాడు. కానీ మాట తీసుకున్నాక కాదంటే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది. తీసుకోకుండా ఉండాల్సింది. తీసుకున్నాం." టోపీ పెట్టుకున్నాడు. "పైగా గేలెన్ తనకి రాదన్నది ఒకటి చెప్పాడు. అరవై రెండు కాగితాల్లో అది ఎవడన్నా రాశాడా డారెల్?"

"లేదండీ" అన్నాడు డారెల్. "ఒక్కరు కూడా." కాసేపు ఆలోచించి, తన కాగితం మీద ఏదో రాసి కింద గీత గీశాడు. "అధ్యక్షుడికి నేను చెబుతాను. బ్రెంట్‌కి?"

"నేను చెబుతాను" అంది ఆర్డిస్. "విమానాశ్రయానికి వ్యాను కూడా నేనే తోలతాను. ఫోన్‌లో చెప్పే మాట కాదది."

డారెల్ గేలెన్‌ని లోపలికి పిలిచాడు. అభినందనలు చెప్పలేదు. నోటు పుస్తకంలో నిన్న కాల్వర్డ్ చెబుతుండగా రాసుకున్న పేజీ వెతికి, ఒక ముక్క చింపి ఇచ్చాడు. "ఫోర్ట్ వేన్‌లో కుర్రాడు. మూడు కాలేజీలు వెనకపడుతున్నాయట. ఇది వాళ్ల అమ్మ నంబరు. శనివారం నీకు ఖాళీయేనా?"

గేలెన్ ఆ ముక్క అందుకుని చాలాసేపు చూశాడు. "ఇప్పుడే చెయ్యనా?"

"హెడ్ కోచ్‌వి నువ్వు. నన్నడుగుతావేం?"

ఆర్డిస్ కోటు వేసుకుని తాళాల కోసం బయటికి వచ్చేసరికి అతను నడవ చివర కిటికీ దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని ఉన్నాడు. ఖాళీ చేత్తో వ్యాను తాళాలు జేబులోంచి తీసి ఆమెకు అందించాడు. అవతల ఎవరో ఎత్తారు.

"మేడమ్, నా పేరు గేలెన్ ష్రాక్. హనీ క్రీక్ కాలేజీ హెడ్ కోచ్‌ని." ఆ మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "మీ అబ్బాయి ఆట ఫిబ్రవరిలో చూశానండీ. అప్పుడే అడగాల్సింది, అడగలేదు. అతను మా జట్టులోకి వస్తే బాగుండునని నాకుంది. శనివారం మీ ఇంటికి రావచ్చా?"

అవతలి జవాబు ఆర్డిస్‌కి వినిపించలేదు. ఏదైనా కానీ, అది పొడుగ్గా ఉంది. గేలెన్ కిటికీ చట్రానికి ఆనుకోకుండా నిలబడి వింటున్నాడు.

"అర్థమైందండీ" అన్నాడు చివరికి. "వాళ్లని కూడా రానివ్వండి. అయినా నేనూ వస్తాను, మీకు ఇష్టమైతే. ఎన్నింటికి రమ్మంటారు?"